డీఎన్‌ఏకి అతుక్కుంటే సరిపోదు

ఇనార్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ వైవాలకి వెళ్తూ ఉంటే ఒకే రకం టైటిల్ మళ్ళీ మళ్ళీ వినపడుతుంది. ఫలానా షిఫ్ బేస్ (ఆల్డిహైడ్‌నీ అమీన్‌నీ కలిపి చేసే ఆర్గానిక్ అణువు), దానితో రాగి, నికెల్, కోబాల్ట్, జింక్ కాంప్లెక్సులు, వాటి తయారీ, వాటి నిర్మాణం, డీఎన్‌ఏతో వాటి బంధం, సూక్ష్మజీవుల మీద వాటి ప్రభావం. మన విశాఖలోనే కాదు, తెలుగు రాష్ట్రాల్లో చాలా యూనివర్సిటీల లైబ్రరీల్లో ఇలాంటి థీసిస్‌లు బీరువాల నిండా ఉంటాయి. నేను ఈ ఊళ్ళోనే పీజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను, నా థీసిస్ కూడా ఈ కోవలోదే, కాబట్టి గట్టున నిలబడి రాళ్ళు వేస్తున్నాననుకోకండి. ఈ సబ్జెక్టంటే నాకు ప్రాణం. ప్రాణం కాబట్టే చెప్తున్నా. డీఎన్‌ఏ మీద ఒక చాప్టరు, బ్యాక్టీరియా మీద ఇంకో చాప్టరు పక్కపక్కన పెట్టి, మొదటిదాని వల్లే రెండోది జరిగిందన్నట్టు చివర్లో ఒక వాక్యం రాసేసి సంతకం పెట్టించుకోవడం మనం మానెయ్యాలి. ఆ వాక్యానికి ఆధారం ఆ థీసిస్‌లో సాధారణంగా ఎక్కడా ఉండదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, డీఎన్‌ఏని గట్టిగా పట్టుకోవడమన్నది యాంటీబయాటిక్ కావాలనుకునే పదార్థానికి గొప్ప అర్హతేమీ కాదు. చాలాసార్లు అది జాగ్రత్తపడమని చెప్పే గుర్తు.

ఇది కెమిస్ట్రీ చదవనివాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మొదట్నించీ చెప్తాను.

కాంప్లెక్స్ అంటే ఏమిటో మా ల్యాబ్‌లో ఆగస్టు నెలలో ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది. సముద్రం గాలి, దానికి తోడు వాన, గదిలో ఏ సీసా మూత తీసినా తేమ పట్టేస్తుంది. అందుకే తయారుచేసిన పొడులన్నీ డెసికేటర్‌లో పెట్టి కింద నీలం రంగు సిలికా జెల్ పోస్తాం. వేసవిలో నెలలకొద్దీ నీలంగా ఉండే ఆ గుళికలు వానాకాలంలో చూస్తూ చూస్తూ ఉండగానే గులాబీ రంగుకి తిరిగిపోతాయి. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. పొడిగా ఉన్నప్పుడు కోబాల్ట్ అయాను చుట్టూ క్లోరైడ్లు ఉంటాయి, అది నీలం. తేమ తగలగానే ఆరు నీటి అణువులు వచ్చి కోబాల్ట్‌ని చుట్టుముట్టి క్లోరైడ్లని పక్కకి తోసేస్తాయి, అది గులాబీ. ఓవెన్‌లో పెట్టి వేడి చేస్తే నీళ్ళు పోయి మళ్ళీ నీలం వస్తుంది. మధ్యలో లోహం, చుట్టూ తమ ఎలక్ట్రాన్ జంటలిచ్చి దాన్ని పట్టుకున్న అణువులు. ఆ చుట్టూ ఉన్నవాటినే లైగాండ్లంటాం, మొత్తాన్ని కలిపి కాంప్లెక్స్ అంటాం, తెలుగు పాఠ్యపుస్తకంలో సంశ్లిష్టం అని రాస్తారు. ఏ లోహం, చుట్టూ ఎవరున్నారు, ఎంత గట్టిగా పట్టుకున్నారు, అవసరమైతే ఎంత తేలిగ్గా చోటు ఖాళీ చేస్తారు. రంగు, ఆకారం, మందుగుణం, విషగుణం అన్నీ వీటి మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ క్లోరైడ్ పోయి నీళ్ళొచ్చే వ్యవహారమే ప్రపంచంలో అందరికంటే పేరున్న కాంప్లెక్స్‌ని మందుగా మార్చింది. అది సిస్‌ప్లాటిన్. మధ్యలో ప్లాటినం, ఒక పక్కన రెండు అమోనియాలు, ఇంకో పక్కన రెండు క్లోరైడ్లు, అంతే. 1844లో మికేలె పెయ్‌రోన్ అనే ఇటలీ శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు, 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకారం చెప్పాడు, ఆ తర్వాత డెబ్బై ఏళ్ళు అది పుస్తకాల్లో ఒక ఉదాహరణగానే ఉండిపోయింది. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ విద్యుత్ క్షేత్రం వల్ల కణాల విభజన ఏమైనా మారుతుందా అని చూడటానికి ఈ.కోలై బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపించాడు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి పొడుగ్గా సాగుతూ పోయాయి, మామూలు పొడవుకి 300 రెట్ల దాకా. దేనితోనూ కలవదనుకున్న ప్లాటినం కొద్ది కొద్దిగా కరిగి, ద్రవంలో ఉన్న అమ్మోనియం, క్లోరైడ్‌లతో కలిసి కాంప్లెక్సులుగా తయారైందని, విభజనని ఆపింది కరెంటు కాదు అవేనని తర్వాత తేలింది. 1969లో ఎలుకల్లో కణితుల మీద పనిచేస్తుందని చూపించారు, 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది.

గమనించండి, మొదలైంది బ్యాక్టీరియా దగ్గర. ఆపింది బ్యాక్టీరియా విభజనని. అయినా అది యాంటీబయాటిక్ కాలేదు, క్యాన్సర్ మందైంది. ఎందుకో ఆలోచిస్తే ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది సగం అక్కడే ఉంది.

మా పిన్నికి కీమో పెట్టించినప్పుడు తోడుగా నేనే కూర్చున్నాను. ముందు సెలైన్, తర్వాత మందు కలిపిన సెలైన్, దాని తర్వాత మళ్ళీ సెలైన్, పొద్దుట నుంచి సాయంత్రం దాకా సీసాలు మారుస్తూనే ఉన్నారు. పిన్ని సీసా మీద పేరు నాతో చదివించుకుని, "ఏటే అమ్మడూ, ప్లాటినమంటే నగలు చేస్తారు, అదేనా?" అంది. అదే పిన్నీ అన్నాను. "మరి ఇన్ని ఉప్పు నీళ్ళెందుకే?" అంది. చాలామంది పీజీ పిల్లలు అడగని ప్రశ్న అది. ఒక కారణం కిడ్నీలు. ఈ మందు కిడ్నీలని దెబ్బతీస్తుంది, అందుకే ముందూ వెనకా నీళ్ళు బాగా ఎక్కించి బయటికి కడిగేస్తారు. రెండో కారణం అచ్చంగా కెమిస్ట్రీ. ఉత్త నీళ్ళలో కలిపితే సీసాలోనే ప్లాటినం మీది క్లోరైడ్లు ఊడి నీళ్ళు అతుక్కుంటాయి, ఒంట్లోకి వెళ్ళకముందే మందు మారిపోతుంది. ఉప్పు నీళ్ళలో క్లోరైడ్ దండిగా ఉంటుంది కాబట్టి ఊడిపోదు. రక్తంలో కూడా క్లోరైడ్ లీటరుకి సుమారు 100 మిల్లీమోల్స్ ఉంటుంది, అక్కడా స్థిరంగానే ఉంటుంది. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. లోపలికి వెళ్ళాకే క్లోరైడ్లు ఊడి, నీళ్ళొచ్చి, ఆ నీళ్ళనీ వదిలించుకుని ప్లాటినం పోయి డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్‌లని (డీఎన్‌ఏలోని నాలుగు బేసుల్లో ఒకటి) పట్టుకుంటుంది. గ్వానిన్‌లో ఏడో నంబరు నైట్రోజన్ ఉంటుంది, సరిగ్గా అక్కడ. రెండు గ్వానిన్‌లనీ ఒకేసారి లాగిపట్టుకోవడంతో డీఎన్‌ఏ అక్కడ వంగిపోతుంది. వంగిన చోట కాపీ తీసే యంత్రాంగం ఆగిపోతుంది, సరిచేసుకోలేకపోతే కణం చచ్చిపోతుంది.

ఎవరి కణం? అదే అసలు ప్రశ్న. గ్వానిన్ బ్యాక్టీరియాలో ఉన్నదీ, మా పిన్ని కణితిలో ఉన్నదీ, ఆవిడ కిడ్నీలో ఉన్నదీ ఒకటే. నాలుగు బేసులు, మధ్యలో చక్కెర, పక్కన ఫాస్ఫేట్, ప్రాణమున్న ప్రతిదానికీ ఇవే. ప్లాటినానికి మనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో తెలీదు. క్యాన్సర్‌లో ఆ బేరానికి ఒప్పుకుంటాం, ఎందుకంటే ఎదురుగా ఉన్నది ప్రాణం మీదికొచ్చిన జబ్బు. వాంతులు, చెవుల్లో హోరు, అరికాళ్ళ తిమ్మిర్లు, కిడ్నీ పరీక్షలు అన్నీ భరిస్తాం. జ్వరం వచ్చి అయిదు రోజులు మింగే మాత్రకి అలా ఒప్పుకోగలమా?

ఇప్పుడు మన ల్యాబులకి వద్దాం. మనం చేసే రాగి, నికెల్ కాంప్లెక్సులు ఎక్కువగా సిస్‌ప్లాటిన్‌లాగా గట్టి బంధం వేసేవి కావు. ఇవి ఇంకో రకంగా డీఎన్‌ఏ దగ్గరికి చేరతాయి. డీఎన్‌ఏని మెలితిప్పిన నిచ్చెన అనుకుంటే మెట్టుకీ మెట్టుకీ మధ్య 0.34 నానోమీటర్ల దూరం. బల్లపరుపుగా ఉండే వలయాలున్న అణువు రెండు మెట్ల మధ్యకి దూరిపోతే ఆ దూరం రెట్టింపవుతుంది. దీన్నే ఇంటర్‌కలేషన్ అంటారు. 1961లో లియోనార్డ్ లెర్మన్ అక్రిడిన్ రంగుల విషయంలో ఈ సంగతి ప్రతిపాదించాడు. కొన్ని అణువులు లోపలికి దూరకుండా పక్కనుండే గాడుల్లో కుదురుకుంటాయి. ఇంకొన్ని, ఫాస్ఫేట్లకి రుణావేశం ఉంటుంది కాబట్టి, ధనావేశంతో బయట నుంచే అంటిపెట్టుకుని ఉంటాయి. మరికొన్ని లోహాలు అంటుకోవడంతో ఆగవు, తెంపేస్తాయి కూడా. ఫినాంత్రోలిన్ అనే లైగాండ్‌తో కలిసిన రాగి డీఎన్‌ఏ పోగుల్ని కత్తిరిస్తుందని 1979లో డేవిడ్ సిగ్మన్ బృందం చూపించింది. ఇందులో అందమైనవి కూడా ఉన్నాయి. 1990లో జాక్వెలిన్ బార్టన్, ఆవిడతో పనిచేసినవాళ్ళు ఒక రుథీనియం కాంప్లెక్స్ గురించి రాశారు. నీళ్ళలో అది వెలగదు, డీఎన్‌ఏ మెట్ల మధ్యకి దూరగానే వెలుగుతుంది. నేను ఆ పేపరు మొదటిసారి చదివిన రోజు నాకు ఇంకా గుర్తుంది, ఆ సంతోషం కూడా. డీఎన్‌ఏ బైండింగ్ అనేది తనంతట తానే విలువైన చదువు, దాన్ని నేను ఎవరి దగ్గరా తక్కువ చేయను.

ప్రయోగం ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఎక్కడ జారిపోతున్నామో అక్కడే కనపడుతుంది. డీఎన్‌ఏ దూడ థైమస్ గ్రంథిలోంచి తీసింది, తెల్లటి పోగుల్లాగా చిన్న సీసాలో వస్తుంది. ఆమ్లత మారకుండా కాపాడే ట్రిస్ బఫర్ ద్రావణంలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మెల్లిగా కరుగుతుంది, తొందరపడి గట్టిగా కుదిపితే పోగులు తెగిపోతాయి. 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలిచి, నిష్పత్తి 1.8, 1.9 మధ్య వస్తే ప్రోటీన్ అంటుకుని లేదని నమ్ముతాం. తర్వాత క్వార్ట్జ్ క్యూవెట్‌లో కాంప్లెక్స్ ద్రావణం పోసి, మైక్రోపిపెట్‌తో కొంచెం కొంచెం డీఎన్‌ఏ కలుపుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి స్పెక్ట్రమ్ తీస్తాం. శిఖరం కొంచెం కొంచెంగా కుంగుతూ, ఎర్ర వైపుకి ఒకట్రెండు నానోమీటర్లు జరుగుతుంది. గీతలన్నీ ఒకదాని కింద ఒకటి చక్కగా పడ్డ రోజు ఎంత హాయిగా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. వాటిలోంచి ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పే బంధ స్థిరాంకం లెక్కకడతాం, పదివేలో, లక్షో, పది లక్షలో వస్తుంది. అయిపోయింది, ఒక చాప్టరు.

ఈ చాప్టరు ఏం చెప్పింది? ప్రోటీన్లన్నీ ఒలిచేసిన దూడ డీఎన్‌ఏని, శుభ్రమైన బఫర్‌లో, పోటీకి ఇంకేమీ లేనిచోట, మా కాంప్లెక్స్ పట్టుకుందని చెప్పింది. అది నిజం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ దూడ మనకి చుట్టం, బ్యాక్టీరియాకి కాదు. ఈ.కోలై లోపల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే ముందు బయటి పొర, తర్వాత లోపలి పొర దాటాలి. రాగి ఎక్కువైతే బయటికి తోసేసే పంపులు దానికి సొంతంగా ఉన్నాయి. లోపల గ్లూటాథయోన్ లాంటి గంధకమున్న అణువులు మిల్లీమోల్స్‌లో కాచుకుని ఉంటాయి, అవి మన లైగాండ్‌ని పీకేసి లోహాన్ని తామే పట్టుకోగలవు. అన్నీ దాటుకుని వెళ్ళినా అక్కడ డీఎన్‌ఏ కంటే ఆర్‌ఎన్‌ఏ చాలా ఎక్కువ, ప్రోటీన్లు దానికంటే ఎక్కువ. అంత జనంలో మన కాంప్లెక్స్ నేరుగా డీఎన్‌ఏ దగ్గరికే వెళ్ళి కూర్చుందని దేన్ని చూసి చెప్తున్నాం?

ఇంకొక్క మాట. మనలో చాలామంది ఎథిడియం బ్రోమైడ్ అనే రంగుతో పోటీ పరీక్ష చేస్తారు. ముందు ఎథిడియం డీఎన్‌ఏలో దూరి మెరుస్తుంది, మన కాంప్లెక్స్ వెళ్ళి దాన్ని నెట్టేస్తే మెరుపు తగ్గుతుంది, ఎంత తగ్గితే అంత గొప్ప. అదే ఎథిడియం సీసా ముట్టుకునే ముందు పిల్లలకి రెండు గ్లవ్స్ వేయిస్తాం, కింద ఒలికితే హడావిడి పడతాం, ఎందుకంటే డీఎన్‌ఏలో దూరేది జన్యువుల్లో మార్పులు తేగలదు. మరి దానికంటే బాగా దూరేదాన్ని మనం చేశామని రాసుకుంటున్నప్పుడు, అదే పేజీలో ఇది మనుషులకి మందు కాగలదని ఎలా రాస్తాం? అక్రిడిన్ కుటుంబంలోని ప్రొఫ్లావిన్‌ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయాల మీద వాడారు. గాయం మీద రాసుకునేదాకానే దాని హద్దు, అది మింగే మందు కాలేకపోయింది.

రెండో చాప్టరుకి వస్తే నాకు కోపం ఎక్కువ వస్తుంది. బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి అగార్ ప్లేటు మీద బ్యాక్టీరియా పూసి, గుంటలు చేసి, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించిన కాంప్లెక్స్ ఆ గుంటల్లో వేసి, 37 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో రాత్రంతా ఉంచుతాం. పొద్దున్నే స్కేలు పెట్టి తేటగా ఉన్న వలయం ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తాం. లైగాండ్‌కి 9, కాంప్లెక్స్‌కి 14, కాబట్టి కాంప్లెక్స్ గొప్పది అంటాం. ఆ వలయం సైజు మందు బలాన్ని మాత్రమే చెప్పదు, ఆ అణువు అగార్‌లో ఎంత దూరం పాకగలదో కూడా చెప్తుంది. నీళ్ళలో కరగని పెద్ద కాంప్లెక్స్ మంచి మందే అయినా గుంట దాటి కదలకపోవచ్చు, బాగా కరిగేది బలహీనమైనదైనా దూరం వెళ్ళొచ్చు. పైగా ఎంత గాఢతలో వేస్తున్నాం? మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము అని చాలా పేపర్లలో కనిపిస్తుంది, అంటే 1000 మైక్రోగ్రాములు. మందుల షాపులో దొరికే సిప్రోఫ్లాక్సాసిన్, పరీక్షలకి వాడే మామూలు ఈ.కోలైని మిల్లీలీటరుకి మైక్రోగ్రాములో వందో వంతు దరిదాపుల్లోనే ఆపేస్తుంది. ఈ రెండిటినీ ఒకే పట్టికలో పక్కపక్క గడుల్లో పెట్టి పోల్చదగ్గ ఫలితాలు అని రాస్తే, చదివే మైక్రోబయాలజీ వాళ్ళు మనల్ని ఏమనుకుంటారు?

ఇంకా పెద్ద లోపం ఉంది. రాగి క్రిముల్ని చంపుతుందని మన ప్రాంతంలో ఏ రైతుని అడిగినా చెప్తాడు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1880ల్లో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో మొదలై ఇక్కడి తోటల దాకా వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే, పడవల అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో కూడా రాగి ఆక్సైడ్ ఉంటుంది. అంటే, నా రాగి కాంప్లెక్స్ బ్యాక్టీరియాని చంపితే మొట్టమొదట అడగాల్సింది, అంతే రాగి ఉన్న ఉత్త మైలుతుత్తం కూడా అంతే చంపిందా అని. ఆ ఒక్క గుంట ప్లేటు మీద లేకపోతే కాంప్లెక్స్ గురించి మనకేమీ తెలియనట్టే. డీఎంఎస్‌ఓలో కాంప్లెక్స్ విడిపోయి రాగి బయటపడిందేమో, చంపింది ఆ విడి రాగే అయ్యుండొచ్చు. సిస్‌ప్లాటిన్‌ని డీఎంఎస్‌ఓలో కరిగిస్తే ప్లాటినం మీదికి డీఎంఎస్‌ఓ అణువే వెళ్ళి కూర్చుని మందు స్వభావాన్నే పాడుచేస్తుందని తెలిసి కూడా మనం ప్రతి కాంప్లెక్స్‌కీ అదే సీసా తీస్తాం.

మరి ఈ రెండు చాప్టర్లనీ కలిపే ఆ వాక్యం ఏమని రాస్తారు? ట్వీడీ సిద్ధాంతం ప్రకారం అని రాస్తారు. 1960ల్లో ట్వీడీ అనే శాస్త్రవేత్త చెప్పినదేంటంటే, లైగాండ్ పట్టుకోవడం వల్ల లోహం మీది ఆవేశం పంచుకోబడి, అణువు కొవ్వులో కలిసే స్వభావం పెంచుకుని కణం పొరని తేలిగ్గా దాటుతుందని. చెడ్డ ఊహ కాదు. కానీ అది కొలిచి చూడాల్సిన ఊహ. బ్యాక్టీరియాని వడగట్టి, కడిగి, లోపల ఎంత రాగి చేరిందో కొలిస్తే అప్పుడది ఫలితం. అరవై ఏళ్ళుగా ఆ కొలత జోలికి పోకుండా ఆ పేరొక్కటే రాస్తున్నాం.

కొలిచి చూసినవాళ్ళకి ఏం దొరికిందో చెప్తాను. లోహ కాంప్లెక్సులు బ్యాక్టీరియాని ఆపుతాయని 1952లోనే ఆస్ట్రేలియాలో ఫ్రాన్సిస్ డ్వైయర్ బృందం చూపించింది, రుథీనియం లాంటి లోహాలకి ఫినాంత్రోలిన్ జాతి లైగాండ్లు కట్టి. దశాబ్దాల తర్వాత అదే దేశంలో రిచర్డ్ కీన్, గ్రాంట్ కాలిన్స్ వాళ్ళు రెండు రుథీనియం కేంద్రాల్ని పొడుగాటి కార్బన్ గొలుసుతో కలిపి కొత్త కాంప్లెక్సులు చేశారు. పరీక్షనాళికలో అవి డీఎన్‌ఏని చక్కగా పట్టుకున్నాయి. బతికున్న ఈ.కోలై లోపల మైక్రోస్కోపుతో చూస్తే అవి డీఎన్‌ఏ దగ్గర లేవు, ప్రోటీన్లని తయారుచేసే రైబోజోములు గుంపులుగా ఉండేచోట చేరాయి. 2014లో ఆ సంగతి వాళ్ళు సూటిగా రాశారు. ఎంత బాగుందో చూడండి. బ్యాక్టీరియా రైబోజోము మన రైబోజోము లాంటిది కాదు, కాబట్టి మందు తయారుచేయాలనుకునేవాళ్ళకి అది డీఎన్‌ఏ కంటే మంచి వార్త. వెతికి చూశారు కాబట్టి ఆ వార్త దొరికింది. నాళికలో పట్టుకుంది కాబట్టి కణంలో కూడా అంతే అని రాసేసి ఉంటే ఎప్పటికీ దొరికేది కాదు.

అసలు లోహానికీ యాంటీబయాటిక్‌కీ ఉన్న బంధం మనం థీసిస్‌లో రాసేదానికంటే చాలా పెద్దది. యెల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ 1945లో కనుక్కుని 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఆ జాతి మందులు బ్యాక్టీరియా రైబోజోముని పట్టుకునేటప్పుడు మధ్యలో మెగ్నీషియం అయాను ఉంటుంది. టెట్రాసైక్లిన్‌ని పాలతో వేసుకోవద్దని, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునేటప్పుడు ఐరన్ మాత్రలు, యాంటాసిడ్‌లు దూరం పెట్టమని చెప్పేది కూడా ఇందుకే. పొట్టలోనే కాల్షియంతోనో, ఇనుముతోనో కాంప్లెక్స్ కట్టి కూర్చుంటే మందు రక్తంలోకి వెళ్ళదు. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేసేది డీఎన్‌ఏ దగ్గరే, కానీ ఒంటరి డీఎన్‌ఏ మీద కాదు, డీఎన్‌ఏ మెలికల్ని సర్దే గైరేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ మీద, అక్కడా మెగ్నీషియం వంతెన ఉంటుంది. మెట్రోనిడజోల్ అయితే నిజంగానే డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, కాకపోతే ఆక్సిజన్ లేనిచోట బతికే క్రిములు దాన్ని తమ లోపల క్షయకరణం చేసుకున్నాకే అది పదునెక్కుతుంది. డీఎన్‌ఏని కొట్టడం తప్పని నేను అనడం లేదు. ఎవరి డీఎన్‌ఏని మాత్రమే కొట్టాలో తెలిసిన ఒక ఏర్పాటు ఆ అణువులో ఉండాలి, దాన్ని మనం రూపొందించాలి, పరీక్షించాలి.

డీఎన్‌ఏ జోలికి పోకుండానే గెలిచే లోహాలూ ఉన్నాయి. కాలిన గాయాల వార్డులో తెల్లటి క్రీము రాస్తారు, అది సిల్వర్ సల్ఫాడయజీన్, 1968 నుంచీ ఉంది. అల్సర్‌కి కారణమైన హెలికోబాక్టర్ మీద బిస్మత్ మందులు వాడతారు. మన దేశ రాజధాని పేరు పెట్టుకున్న ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ ఉంది కదా, పెనిసిలిన్ జాతి మందుల్లో చివరి అస్త్రాలనుకునే కార్బపెనెమ్‌లని కూడా విరగ్గొట్టేది, దాని మధ్యలో రెండు జింక్ అయాన్లుంటాయి. ఆ జింక్‌ని బిస్మత్ మందు తోసేసి ఎంజైమ్‌ని పనికిరాకుండా చేయగలదని 2018లో హాంకాంగ్‌లో హోంగ్జే సున్ బృందం చూపించింది. కోఆర్డినేషన్ కెమిస్ట్రీ అంటే ఇది, మన సొంత విద్య. లోహాల స్థానభ్రంశం, చోటు మార్పిడి, స్థిరాంకాలు, ఇవన్నీ మనం ప్రతి ఏడాదీ బోర్డు మీద చెప్పేవే.

అందుకే ఈ రంగాన్నే చెత్తబుట్టలో వేసేయమనే ఆర్గానిక్ కెమిస్ట్రీ మిత్రుల మాట నేను ఒప్పుకోను. 2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వచ్చింది. కొత్త జాతి యాంటీబయాటిక్‌లు రావడం దాదాపు ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ నుంచి నడిచే కో-యాడ్ అనే కార్యక్రమం ప్రపంచంలో ఎవరు పంపిన అణువునైనా ఉచితంగా పరీక్షించింది. వాళ్ళు 2020లో బయటపెట్టిన లెక్క చూడండి. లోహమున్న 906 పదార్థాల్లో 9.9 శాతం పనిచేశాయి, లోహం లేని ఆర్గానిక్ అణువుల్లో 0.87 శాతమే. ఆ 906లో 88 పదార్థాలు ఏదో ఒక క్రిమిని ఆపుతూనే మనిషి కణాలకి, ఎర్ర రక్తకణాలకి హాని చేయలేదు. మన రంగం మీద నాకున్న నమ్మకానికి ఇది చాలు. ఈ లెక్క ఎందుకు నమ్మదగ్గది? ఎవరు చేసిన అణువైనా ఒకే పద్ధతిలో, ఒకే గాఢతల్లో, విషగుణం కూడా పక్కనే కొలిచి చూశారు కాబట్టి. వలయాల మిల్లీమీటర్లతో ఇలాంటి లెక్క ఎప్పటికీ రాదు.

మనవాళ్ళకి తెలీక కాదు. రీసెర్చ్ స్కాలర్ల పరిస్థితి నాకు తెలుసు. ఫెలోషిప్ నెలలతరబడి రాదు, వయసు మీద పడుతుంది, ఇంట్లో పెళ్ళి గొడవ, గైడ్ గారికి పేపర్లు కావాలి. పీహెచ్‌డీకి ముందు పేపరు తప్పనిసరి కాదని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసినా, పేపర్లు లేని థీసిస్‌ని ఎవరూ మంచి కళ్ళతో చూడరు. టైటిల్‌లో డీఎన్‌ఏ, యాంటీమైక్రోబియల్ అన్న రెండు మాటలుంటే జర్నల్ తొందరగా తీసుకుంటుందని అందరికీ తెలుసు. ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లని పట్టుకుని నీ వాక్యానికి రుజువేది అని నిలదీయడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆ పిల్ల కష్టం నిజమైంది. నెలలపాటు రిఫ్లక్స్ పెట్టి, క్రిస్టల్ రాక ఏడ్చి, చివరికి వచ్చిన పొడిని తీసుకుని ఎక్కడెక్కడో తిరిగి స్పెక్ట్రాలు తీయించుకుంటుంది. అంత కష్టానికి చివర్లో ఎవరూ నమ్మని ఒక వాక్యం అంటించి పంపడం ఆ పిల్లకే అన్యాయం.

నేను అడిగేవి ఖరీదైనవి కావు. ప్లేటు మీద లోహ లవణానికి ఒక గుంట, లైగాండ్‌కి ఒకటి, డీఎంఎస్‌ఓకి ఒకటి. కాంప్లెక్స్‌ని ద్రావణంలో ఒక రోజంతా ఉంచి స్పెక్ట్రమ్ మారిందో లేదో చూడటం, దానికి మన దగ్గరున్న స్పెక్ట్రోఫోటోమీటరే చాలు. వలయాల బదులు 96 గుంటల ప్లేటులో సగం సగం పలచన చేసుకుంటూ ఎంత తక్కువలో ఆగిందో కొలవడం. ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయో లేదో చూడటం. ఇవి చేశాక కూడా డీఎన్‌ఏ చాప్టరు ఉండొచ్చు, ఉండాలి, కాకపోతే నాళికలో ఇలా జరిగింది, కణంలో ఏం జరిగిందో ఈ పనిలో చూడలేదు అని రాస్తే ఏ పరీక్షకుడూ మార్కులు తగ్గించకూడదు. తగ్గించే పరీక్షకుల్లో నేను ఉండను.

ఈ ఏడాది మా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సాలిసిలాల్డిహైడ్, ఇథిలీన్ డైఅమీన్‌తో చేసిన పచ్చటి రాగి కాంప్లెక్స్‌కి పక్కనే మైలుతుత్తం గుంట పెట్టించాను. రెండు వలయాలూ ఇంచుమించు ఒకటే వచ్చాయి. ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి మొహం వాడిపోయి, "మేడమ్, ఇది రిపోర్టులో పెట్టొద్దులెండి" అంది. పెట్టమన్నాను, అదే ముఖ్యమైన పట్టిక అని చెప్పాను. వారం తిరక్కుండా తనే వచ్చి, "రాగి బయటికి రాకుండా ఇంకా గట్టిగా పట్టుకునే లైగాండ్ పెడితే అప్పుడు తేడా ఏది దేనివల్లో తెలుస్తుంది కదా మేడమ్?" అని అడిగింది. ఆ లైగాండ్ ఇప్పుడు తయారవుతోంది. మాకు లేనిది మైక్రోబయాలజీ సదుపాయం. విశాఖలో, అనకాపల్లిలో, విజయనగరంలో ప్లేట్ రీడరు, సరిగ్గా నడిచే ఇంక్యుబేటరు ఉన్న కాలేజీ వాళ్ళెవరైనా కలిసి చేద్దామంటే కాంప్లెక్సులు, వాటి లవణాలు, లైగాండ్లు, అన్నీ వేర్వేరు సీసాల్లో మేమే తీసుకొస్తాం.